నీలం జుట్టు

ఉరవకొండ పక్క పల్లెలో శెనక్కాయ చేలకు కూలికి పోయే నల్లమ్మకు ఒక్కతే కూతురు, చౌడేశ్వరి. నాయన చనిపోయినప్పటి నుంచి ఆ పిల్ల నోరు తెరిచి ఏదీ అడగలేదు. అలాంటిది తొమ్మిదో తరగతి అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు వచ్చి, "మా, జుట్టుకు నీలం రంగు ఏసుకుంటానే" అంది.

పిల్ల ముఖంలో ఏడాదికి మళ్లీ కనిపించిన ఆ ఆశను చూసి నల్లమ్మ కాదనలేకపోయింది. "ఏసుకో పాపా, బడి తెరిచేలోగా పోతాదిలే" అంది. ఊరంతా నవ్వింది. చౌడేశ్వరి మాత్రం వారం రోజులు అద్దం వదల్లేదు.

రంగు పోలేదు. బడి తెరిచిన రోజు టీచరు గేటు దగ్గరే ఆపి, జుట్టు నల్లగా చేసుకుని రమ్మంది. నల్లమ్మ సంతలో నల్లరంగు పొడి కొని తెచ్చి, తన చేతులతోనే పూసింది. "మంటమ్మా" అని పిల్ల ఏడుస్తుంటే, "రవ్వంత ఓర్చుకో" అంది. తెల్లారేసరికి తలంతా పొక్కింది. నాలుగు రోజుల్లో వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయాయి.

బోడితలతో బడికి పోనని చౌడేశ్వరి తల్లి వెంట కలుపు తీయడానికి వచ్చింది. "నేనే గదా ఏసుకోమంటి, నన్ను తిట్టు పాపా" అంది నల్లమ్మ. పిల్ల తుండుగుడ్డను నుదుటి మీదికి లాక్కుని, "నువ్వేం చేస్తివిలే" అంటూ పక్క సాలులోకి జరిగింది.

దసరా నాటికి జుట్టు మళ్లీ వచ్చింది, నల్లగా, ఒత్తుగా. నల్లమ్మ ఎంత బతిమాలినా పిల్ల బడికి మాత్రం పోలేదు.