తెల్ల సంచి కోళ్లు

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. షెడ్డులో అందరికీ ఆవిడ గుప్పెడమ్మ. గుప్పెట్లోకి దాణా తీస్తే నలభై గ్రాములుండేది, అటో గ్రాము ఇటో గ్రాము. కాటా దగ్గర కూర్చుని అంకెలు రాసే నాకు అది గిట్టేది కాదు. మనిషి చెయ్యే అంత కచ్చితంగా ఉంటే ఇక నేనెందుకు?

మా పని కోళ్లను పెంచడం కాదు, పరీక్షించడం. దాణాలో కలిపే అమైనో ఆమ్లం పొడి ఒకటి వచ్చింది. కోడికి ఒళ్లు పట్టాలన్నా ఈకలు రావాలన్నా అది కావాలట. పొడి నిజంగా పనిచేస్తుందా, మోతాదు మించితే చంపుతుందా, ముప్పై అయిదు రోజుల్లో తేల్చాలి. తెల్లవి, నీలంవి, ఎర్రవి అని మూడు రకాల సంచులొచ్చాయి. ఒకదాంట్లో పొడి లేదు, ఒకదాంట్లో సరిపడా ఉంది, ఇంకోదాంట్లో పదింతలు. ఏది ఏదో మాకు చెప్పరు. ఎంత వేశామో, తొట్టిలో ఎంత మిగిలిందో రోజూ తూచి రాయడమే మా వంతు.

చెప్పకపోతేనేం, పదో రోజుకే తెలిసిపోయింది. తెల్ల సంచి పిల్లల వీపులు బోడిగా ఉండిపోయాయి. ఉన్న నాలుగు ఈకలూ ఒకదానివొకటి పీక్కుంటున్నాయి. నీలం సంచివాటికి మాత్రం నిండా ఈకలొచ్చాయి.

"ఇదేం న్యాయం నాయనా? ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నమూనా?" అంది గుప్పెడమ్మ.

"పరీక్షంటే అదే పిన్నీ. సున్నం పెట్టకపోతే వెన్న సంగతి ఎలా తెలుస్తుంది?" అన్నాను. పెద్ద తెలివైనవాణ్ణి కదా!

ఆవిడా వాళ్లక్కా గోదాము వెనక గదిలో ఉండేవారు. ఉద్యోగంతో పాటు ఇచ్చిన గది. వాళ్లక్కకు చూపు లేదు. ఆ గదిలో ఆవిడను చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. మంచం నుంచి పొయ్యికి అయిదడుగులు, గడప నుంచి కుళాయికి పద్నాలుగు. ఇరవై రెండేళ్లుగా అదే లెక్క. బయటికి తీసుకెళితే మాత్రం గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే అక్కకున్న ఆ కాస్త చూపూ పోతుంది. ఈ సంగతి గుప్పెడమ్మకు మా అందరికంటే బాగా తెలుసు.

నాలుగో వారం లెక్కలు తేలాయి. తేలడమేమిటి, మునిగాయి. నీలం కోళ్లు తెగ తిన్నాయి, తిన్నదానికి తగ్గ బరువు లేదు. తెల్లవి తక్కువ తిని ఏపుగా పెరిగాయి. పరీక్ష నడిపే డాక్టరమ్మ కాగితాలు నా బల్ల మీద పడేసింది.

"నీ కాటా అయినా తప్పు, నువ్వైనా తప్పు. రేపు తనిఖీవాళ్లొస్తున్నారు. పొడి వల్ల ఉపయోగం లేదని చెప్పమంటావా?"

కాటాను మూడుసార్లు సరిచూశాను. అది బంగారంలా ఉంది. తల ఎత్తేసరికి గుమ్మంలో చీపురుతో గుప్పెడమ్మ నిలబడి ఉంది. ఆ మొహం చూడగానే నాకు అర్థమైపోయింది. నీలం తొట్టిలోంచి ఆవిడ తీసి తెల్లవాటికి పెట్టిన దాణా నీలం కోళ్లు తిన్నట్టే నా పుస్తకంలో పడింది. తెల్లవి తిన్నట్టు ఎక్కడా పడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. గోదాము పక్కకు లాక్కెళ్లాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"పన్నెండో రోజు నుంచి. మొదట ఒక్క గుప్పెడే నాయనా. అవి ఊరుకుంటేగా? ఇప్పుడు పూటకో గిన్నెడు. నీ మీదకొస్తుందని అనుకోలేదు."

"నోరు మూసుకుని ఉండు పిన్నీ. కాటా పాడైందని నేను చెప్తా."

అన్నానే గాని, ఆవిడ వద్దంటే బాగుండునని లోపల ఉంది. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

"అప్పుడు పొడి పనికిరాదని రాసేస్తారుగా? అది పనిచేస్తుంది నాయనా. నా కళ్లతో చూశాను. వాటికి ఈకలొచ్చాయి."

డాక్టరమ్మ దగ్గరికెళ్లి చేసిందంతా ఒప్పుకుని, అదే మాట చెప్పింది. డాక్టరమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు, కుర్చీలో కూలబడి ఏడ్చింది.

"మీరు చూసింది నిజమేనమ్మా. కానీ నేను రాయడానికి లేదు. అంతా మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. మీరు మాత్రం ఇక షెడ్డులో ఉండటానికి వీల్లేదు."

పరీక్ష కోళ్లను అమ్మకూడదు, తినకూడదు. శనివారం అన్నింటినీ చంపాలి. పట్టుకునే మనుషులు చాలక, పని పోయిన గుప్పెడమ్మనే ఆ ఒక్క రోజుకీ ఉండమన్నారు. నీలంవీ ఎర్రవీ మూలమూలలకు పరుగెత్తి మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టాయి. తెల్ల సంచి కోళ్ల గది తలుపు గుప్పెడమ్మ తీసింది. అవన్నీ ఒక్కసారిగా ఆవిడ కాళ్ల దగ్గరికి వచ్చేశాయి. మూసిన పిడికిలిని పొడిచాయి. అందులో ఏమీ లేదు.

"పొండే! నా దగ్గరికెందుకొస్తారే!" అని ఏడుస్తూనే ఒక్కొక్కదాన్నీ ఎత్తి నాకు అందించింది. వీపు నిండా ఈకలు. నేను పెట్టెలో వేశాను.

సాయంత్రం వాళ్ల సామాను మోయడానికి వెళ్లాను. వాళ్లక్క గడప పట్టుకుని నిలబడి ఉంది.

"కొత్తింట్లో గడప నుంచి కుళాయికి ఎన్నడుగులు నాయనా?"

పొద్దున్నే ఆ ఇల్లు చూసొచ్చాను. అక్కడ కుళాయే లేదు.

"పద్నాలుగే పెద్దమ్మా," అన్నాను.