కోటు లోపల దాచిన కెమెరా

2023 జనవరి. కెనడాలోని వాటర్లూలో పదిహేను మందిమి పనిచేసే చిన్న ఆఫీసు మాది. చేతిలో పట్టే పరికరాలకు కెమెరా లెన్సులు డిజైన్ చేస్తాం. ఫోన్ వెనక కనిపించే గాజు చుక్కను చూసి అందరూ లోపల ఒకటే లెన్సు ఉందనుకుంటారు. నిజానికి ఐదో ఆరో ఉంటాయి. కందిగింజంత లెన్సులను ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. ఆ పేర్పును స్టాక్ అంటాం. దాని ఎత్తులో వెంట్రుక మందం తగ్గించగలిగితే ఆ వారమంతా మాకు పండగే.

అప్పుడు మా చేతిలో ఉన్నది ఫోన్ కాదు, పుండ్లను ఫోటో తీసే చిన్న పరికరం. విన్నిపెగ్‌లో ఇళ్లకు వెళ్లి పేషెంట్లను చూసుకునే ఒక హోమ్‌కేర్ సంస్థ దాన్ని అడిగింది. దానికి రెండు కెమెరాలు. వైడ్ కెమెరా కాలు మొత్తం చూపిస్తుంది. దగ్గర్నుంచి తీసే మాక్రో కెమెరా పుండు అంచును చూపిస్తుంది. డయాబెటిస్ ఉన్నవాళ్ల పుండు మానుతోందా ముదురుతోందా అన్నది డాక్టర్లు ఆ అంచు చూసే చెబుతారు. మాక్రో స్టాక్‌లో మొదట ఐదు ప్లాస్టిక్ లెన్సులు, ఒక గ్లాస్ లెన్సు ఉండేవి. జేబులో పట్టేంత సన్నగా కావాలని క్లయింట్ అడిగినప్పుడు, ఆ గ్లాస్‌ను కూడా ప్లాస్టిక్ చేసేద్దామని డిజైన్ రివ్యూలో వాదించి గెలిచింది నేనే. ఆ గొప్పతో రెండు రోజులు నేల మీద నడవలేదు.

చలి ముదిరాక ఫిర్యాదులు మొదలయ్యాయి. మాక్రో ఫోటోలు మసకగా వస్తున్నాయి. అద్దం మీద తేమ పట్టిందేమో అనుకున్నాం, కానీ అదే అద్దం వెనకున్న వైడ్ కెమెరా ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి. చలికి ప్లాస్టిక్ తేడా చేస్తుందని మాకు తెలియక కాదు. లెన్సులు ముడుచుకున్న మేరకు చుట్టూ ఉన్న చట్రమూ ముడుచుకుని లెక్క సరిపోయేలా డిజైన్ చేశాం. ల్యాబ్‌లో మైనస్ ముప్పై డిగ్రీల్లో కొలిచాం, గది వేడి ఇరవై మూడులో కొలిచాం, రెండుచోట్లా ఫోటో బాగుంది. ఇంకేం, వాడేవాళ్ల చేతులు వణుకుతున్నాయని తేల్చేశాం. ఆడలేక మద్దెల ఓడు అన్నారని సామెత. ఇక్కడ మద్దెల చేసినవాళ్లమే ఆడేవాళ్లను తప్పుపట్టాం. సంస్థ మా మాట నమ్మి, మసక ఫోటోలు పంపినవాళ్లకు వార్నింగ్ లెటర్లు ఇచ్చింది.

ఫోటోలు వరసగా చూస్తుంటే ఒక్క మనిషివి మాత్రం కొంతకాలంగా ప్రతిసారీ స్పష్టంగా ఉన్నాయి. ఆమె ఎలా తీస్తోందో చూసి రమ్మని మా మేనేజర్ నన్ను విన్నిపెగ్ పంపాడు. ఆమె పేరు ఎస్తేరు. నరసాపురం వైపు మనిషి. అక్కడ నర్సు. ఇక్కడ లైసెన్సు ఇంకా రాలేదు కాబట్టి హెల్త్ కేర్ ఎయిడ్‌గా, అంటే నర్సు కింద సహాయకురాలిగా, పనిచేస్తోంది. ఆమె కారెక్కి నేను తెలుగులో పలకరించగానే తల ఇటు తిప్పి చూసింది.

"తెలుగోళ్లా మేడమ్? పేరు చూసి నార్త్ వాళ్లనుకున్నానండి."

మొదటి ఇల్లు ఒక పెద్దాయనది. ఆయనకు మడమ మీద పుండు. గుమ్మంలో బూట్లు విప్పి, ఎస్తేరు గోడవైపు తిరిగి, కోటు జిప్పు తీసి, స్వెటర్ లోపల్నుంచి పరికరాన్ని బయటికి లాగింది. నేను చూశానని ఆమెకు తెలిసింది. పరికరాన్ని వైప్‌తో రెండుసార్లు తుడిచి, ఫోటో తీసి, కట్టు మార్చి, ఆయనకు నీళ్లిచ్చింది. కారులోకి వచ్చాక ఇంజన్ ఆన్ చేసి, కదలకుండా కూర్చుంది.

"కిట్టంతా కారు ట్రంక్‌లో, సీల్ చేసిన బ్యాగ్‌లోనే ఉండాలండి. ఒంటి మీద పెట్టుకోకూడదు, ఇన్ఫెక్షన్ రూలు. ఫోటోలు మసగ్గా ఉన్నాయని నాకు నవంబర్‌లో ఒక వార్నింగ్ వచ్చింది. ఇంకోటొస్తే తీసేస్తారు. ఈ దేశంలో ఉండిపోవాలంటే పీఆర్ రావాలి కదండీ, దానికి నామినేషన్ అప్లికేషన్ ఈ జాబ్ మీదే వేశాను."

"లోపల పెట్టుకుంటే బాగా వస్తుందని ఎలా తెలిసింది?"

"ఓరోజు ఒకావిడ తలుపు తియ్యడం లేటయ్యిందండి. వేళ్లు కొంకర్లు పోతన్నాయని చేతులూ, ఇదీ కలిపి స్వెటర్‌లో పెట్టేశాను. ఆరోజు ఫోటో బాగా వచ్చింది. అప్పట్నుంచీ బయల్దేరినప్పుడే లోపల పెట్టుకుంటన్నాను." సీట్ బెల్ట్ పెట్టుకుంటూ అడిగింది. "ఇది రాస్తారా మేడమ్?"

"ఇంకా తెలీదు," అన్నాను. అది అబద్ధం కాదు. ఆమెకు ధైర్యమిచ్చే మాట కూడా కాదు.

వాటర్లూ వచ్చాక మా మేనేజర్‌కు, పరికరం వెచ్చగా ఉంటే ఫోటో బాగుంటోంది అన్నంతవరకే చెప్పాను. "ఆమె దాన్ని ఎక్కడ ఉంచుకుంటోందో రాసెయ్. వాడకంలో తేడా అని ఈ రోజే ఫైల్ క్లోజ్ చేద్దాం," అన్నాడు. రాస్తే అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. కాకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. ఏమీ రాయకపోతే మిగతావాళ్ల ఫోటోలు మసకగానే ఉంటాయి, ఎవరి కాలి పుండో ముదిరేదాకా ఎవరికీ తెలియదు. రెండు రోజుల గడువు అడిగాను.

మా పనిలో ఒక అలవాటు ఉంది. కొలిచే ముందు పరికరాన్ని ఆ చలిలోనో వేడిలోనో అరగంట వదిలేస్తాం. సోక్ అంటాం. పప్పు నానబెట్టడం లాంటిదే. నానకముందు తీసిన కొలత నమ్మకూడదని నేను నేర్చుకున్నాను, నా కింద పనిచేసేవాళ్లకూ అదే నేర్పాను. అక్కడ ఎయిడ్‌లకు అరగంట ఎక్కడిది? ట్రంక్‌లోంచి తీసి, గుమ్మం దాటి, రెండు నిమిషాల్లో ఫోటో తీయాలి. మేం ఏ సమయాన్ని వదిలేసి కొలుస్తున్నామో, వాళ్లు సరిగ్గా ఆ సమయంలోనే పనిచేస్తున్నారు.

పరికరాన్ని చలి ఛాంబర్‌లో పెట్టి, మైనస్ ముప్పైకి చేరాక బయటికి తీసి, ఆగకుండా ఫోటో తీశాను. మసక. చేతి వేడికి చట్రం ముందే సాగింది, లోపలి ప్లాస్టిక్ లెన్సులు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. పన్నెండు నిమిషాలకు రెండూ ఒక దారికి వచ్చి ఫోటో తేటపడింది. గ్లాస్ లెన్సున్న పాత నమూనా డ్రాయర్‌లో ఉంటే దానికీ అదే పరీక్ష పెట్టాను. మొదటి ఫోటోయే బాగుంది. నాకు సిగ్గేసింది.

రిపోర్ట్‌లో స్వెటర్ మాట రాయలేదు. చలిలోంచి వెచ్చదనంలోకి వచ్చే దశను మేం పరీక్షించలేదనీ, ఆ టెస్ట్ పద్ధతి రాసింది నేననీ, గ్లాస్ తీసేయమన్నదీ నేననీ రాశాను.

"నీ పేరు ఇంత స్పష్టంగా అవసరమా?" అన్నాడు మేనేజర్.

"ఎవరిదో ఒకరి పేరు కావాలి కదా," అన్నాను.

తర్వాతి ప్రాజెక్టుకు లీడ్ నేనే అనుకుంటున్న రోజులవి. అది వేరొకరికి వెళ్లింది. బాధపడలేదంటే అబద్ధం.

గ్లాస్ లెన్సు తిరిగి వచ్చింది. కొత్త పరికరాలు చేరేదాకా కోటు లోపల తగిలించుకోవడానికి, తుడుచుకునే వీలున్న పౌచ్‌లు సంస్థే ఇచ్చింది. మార్చిలో ఎస్తేరు ఫోన్ చేసింది.

"వార్నింగ్‌లన్నీ తీసేశారండి, నాది కూడా. రిపోర్ట్‌లో నా పేరు రాశారా మేడమ్?"

"లేదు."

"మరి తప్పెవరిదని రాశారు?"

"నాదని."

"మీ జాబ్‌కేం కాదు కదండీ?"

"కాదులెండి. నాకు పీఆర్ వచ్చి తొమ్మిదేళ్లయింది."

"అయితే పర్లేదండి," అంది నెమ్మదిగా. "మీరు చెప్పగలరు."

ఆమె దెప్పిపొడవలేదు, ఉన్నమాట అంది. అందుకే అది ఇంకా గుచ్చుకుంటోంది. చలికీ ఫోటోకీ ఉన్న లింకు మాకంటే ముందు కనిపెట్టింది ఆమె. చెప్పుకునే వీలులేక కోటు లోపల దాచుకుంది. ఇప్పుడు మా టెస్ట్ షీట్‌లో సోక్ కంటే ముందు ఒక వరస ఉంటుంది: బయటికి తీసిన వెంటనే, ఆగకుండా ఫోటో. ఇంకొకటి షీట్‌లో లేదు, నేనే పాటిస్తాను. ఎవరి ఫోటోలైనా మిగతావాళ్లకంటే మరీ బాగా వస్తుంటే, ఎలా తీశారని అడిగే ముందు, చెబితే మీకేమైనా నష్టమా అని అడుగుతాను.