వీరాస్వామి మాస్టారిని గురించి సభలో అన్న మాట

శ్రీ వీరాస్వామి మాస్టారు పరమపదించారన్న దుర్వార్త మంగళవారం పొద్దున్న మా కొట్టు గుమాస్తా తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చి తెచ్చాడు. కూతురింటికి వెళ్ళిన మనిషి జ్వరం తగిలి అక్కడే కన్ను మూశారట. బియ్యం చెరుగుతున్న చేట నా చేతిలో అలాగే ఆగిపోయింది. నిండా ఏభై ఏళ్ళు లేని విద్వాంసుడు! ఏలూరులో ఇంగ్లీషు చదివి పైకొచ్చిన పిల్లల్లో ఆ మహనీయుని శిక్షణ పొందనివారు తక్కువ.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. పండితులు రాయవలసిన చోట కలం పట్టడం సాహసమే. అయినా, సంతాపసభలో మా ఇంటి కుర్రవాడన్న మాట ఒకటి మాస్టారి పేరు మీద నిలిచిపోకూడదని రాస్తున్నాను.

మాస్టారు కొల్లేటి లంకలో, చేపలు పట్టే ఇంట పుట్టారు. తల్లి పోతే అక్క నూకాలమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి ఆయన్ని చదివించింది. మా మనవడు రంగనాథం కాలేజీలో చదివే రోజుల్లో ఆయన సాయంత్రాలు మా ఇంటికి వచ్చి పాఠం చెప్పేవారు. అరుగుమీద ఆయనకొక పీట. పొద్దు వాలితే పాఠం సరి. కిరసనాయిలు ఊరికే వస్తుందా? తలుపు వెనక చేట పట్టుకొని నేనూ వినేదాన్ని.

కలిగినవారిని, లేనివారిని గురించి ఇంగ్లీషువాళ్ళకున్న నానుడులు చెప్పడంలో ఆయనదొక అపూర్వమైన పద్ధతి. అర్థం చెప్పి ఊరుకొనేవారు కాదు. "ఎవరంటారు, ఎవరినంటారు? అది తేలందే మాట నోట పెట్టకండి బాబూ" అనేవారు. ఒకనాడు, నోట్లో వెండి చెంచాతో పుట్టడమనే మాట వచ్చింది.

"అంటే మా బోటివాళ్ళమేనాండీ?" అన్నాడు మావాడు గర్వంగా.

"మీ మామ్మగారు వెండి చెంచాని నోట్లో పెట్టనిస్తారాండీ? బీరువాలో పెట్టి తాళం వేస్తారు గానీ!"

తలుపు వెనక నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. "పైగా ఇది చెంచా ఉన్నవాడు తన్ను గురించి చెప్పుకొనేది కాదండీ. లేనివాడు చూసి అనుకొనేది" అన్నారాయన, ఆ నవ్వులోనే.

మరొకనాడు, కొత్తగా కలిగినవాళ్ళను ఎగతాళి చేసే మాటలు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడన్న మన సామెతను మావాడు వాటికి జోడించాడు. మాస్టారు మెచ్చుకున్నారు. ఆపైన, "ఇది ఎవరు పుట్టించి ఉంటారు బాబూ? తాతలనాటి గొడుగులున్నవాళ్ళే అయ్యుంటారు" అన్నారు. ఆ వేళ నాకు నవ్వు రాలేదు.

రంగనాథం ఇప్పుడు ప్లీడరు. సభలో గురువుగారి గుణగణాలను గంభీరంగా వర్ణించి, చివర "హి ఆల్వేస్ న్యూ హిజ్ ప్లేస్" అన్నాడు. పెద్దలందరూ తలలూపారు. నాకు ఇంగ్లీషు రాదు. ఆ వాక్యం మటుకు తెలుసు. తన స్థానం తానెప్పుడూ ఎరిగి మసలుకున్నాడని. అది మా అరుగుమీద పాఠంగా చెప్పిననాడు మాస్టారి గొంతు ఎన్నడూ లేనంత మెల్లగా పలికింది: "చూడబోతే మెచ్చుకోలులాగే ఉంటుంది బాబూ. కాని పైన కూర్చున్నవాడు, తాను కింద కూర్చోబెట్టినవాణ్ణి అనే మాట. సాటివాణ్ణి ఎవరూ అలా మెచ్చుకోరండీ."

సభలో సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆడవాళ్ళకు వేసిన చాప మీద కాక, దాని అవతల నేలమీద కూర్చుని ఉంది నూకాలమ్మ. "ఆఖర్న ఇంగిలీసులో ఏమన్నారండీ బాబుగారు?" అని ఆశగా అడిగింది. రేపొచ్చి చెబుతానని లేచాను.

ఇంటికొచ్చి మనవణ్ణి నిలదీశాను.

"ఏమిరా, ఎవరు ఎవరిని అనే మాటరా అది?"

"మంచిమాటే కదా మామ్మా! ఏనాడైనా గుమ్మం దాటి లోపలికొచ్చారా ఆయన?"

"రమ్మంటేగా రావడానికి!"

"రమ్మనొద్దని నేనన్నానా? పీట అక్కడ వేయించింది నువ్వు. ఆయన లేచి వెళ్ళగానే నీళ్ళు చల్లించిందీ నువ్వే."

ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదినీ నోరెత్తనివ్వని దాన్ని, ఆ పూట నేనే వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు, నూకాలమ్మ బస చేసిన కాలవగట్టు ఇంటికి వెళ్ళి, ఆ మాటకు అర్థం ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తమ్ముడు వినకపోవడమే మంచిదైందండమ్మగారూ" అంది, కొంగుతో కళ్ళు తుడుచుకొని. "వినుంటే బాబుగార్ని పల్లెత్తు మాట అనేవాడు కాదండి. నా పాఠంలోనే ఏదో లోపముందక్కా అని అన్నం మానేసేవాడు."

లోపం పాఠంలో లేదు. ఆ విద్యాదాత సరిగానే చెప్పారు. తలుపు వెనక విన్న నాకూ, ఎదుట కూర్చుని విన్న మావాడికీ మనసుకెక్కలేదు. అటువంటి గురువు ఈ సీమకు మళ్ళీ దొరకడు. ఆ పుణ్యమూర్తికి నమస్కరించే అర్హత మా ఇంటికి ఉన్నదో లేదో తెలియకుండానే నమస్కరిస్తున్నాను. ఇది చదివినవారెవరైనా కొల్లేటి లంకకు వెళ్తే, లోపం పాఠంలో లేదన్న ఈ చివరి ముక్క నూకాలమ్మకు వినిపించండి. ఆమె ఎదుట ఆ ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పి, ఇది చెప్పకుండానే వచ్చేశాను.