సిద్దమ్మ చూసిన నీలం

సిద్దమ్మ ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే ఇంట పుట్టింది. కాగులో మరిగే రంగును చూసి, నూలు ఇంకెంతసేపు ఉంచాలో పదేళ్ళప్పుడే చెప్పేది. మొగుడు పోయాక పెనుకొండలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేరింది. అక్షరం ముక్క రాదు. అయినా చక్కెర జబ్బు వాళ్ళ మూత్రం పరీక్ష డాక్టరు ఆమెకే అప్పజెప్పాడు. గాజు గొట్టంలో నీలి మందునీళ్ళు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి కాచాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చై, పసుపై, మరీ ఎక్కువైతే ఇటుక రంగుకు తిరుగుతుంది.

1964 వేసవిలో హిందూపురం బెల్లం వ్యాపారి తిమ్మరాజు రైల్లో పోతూ, పెనుకొండ స్టేషన్లో గుండె పట్టుకుని కూలబడితే ఆసుపత్రికి మోసుకొచ్చారు. గుండెపోటే. పైగా మూత్రం ఇటుక రంగు. చక్కెర దిగకపోతే గుండె తేరుకోదని డాక్టరు భయపడ్డాడు. పూటపూటకూ రంగు చూసి, దాన్నిబట్టి ఇన్సులిన్ వేయమని రాసిపెట్టాడు. మూడోనాటికి రంగు పసుపుకు దిగింది.

నాలుగోనాడు ఉదయపు సూది పోగా ఇన్సులిన్ ఒక్క మోతాదే మిగిలింది. మందు తేవడానికి డాక్టరు పొద్దున్నే హిందూపురం బండెక్కాడు. ఆ ఉదయం సూది వేయించుకున్న తిమ్మరాజు వికారమని గంజి ముట్టలేదు. పదకొండు దాటేసరికి చొక్కా పిండుకునేంత చెమట పట్టింది. చేతులు వణికాయి. పక్కనే ఉన్న భార్య జయలక్ష్మమ్మను పట్టుకుని "ఎవురు నువ్వు?" అన్నాడు.

కాంపౌండరు నారాయణస్వామి కంగారుగా మిగిలిన మందు సూదిలోకి లాగాడు.

అప్పుడే పట్టిన మూత్రం సిద్దమ్మ కాచింది. గొట్టం కిటికీ వెలుగులో పెట్టి చూసింది. ఎంత కాగినా నీలం మారలేదు.

"సామీ, సూది ఎయ్యొద్దు. చక్కెర అసలే లేదు."

"పొద్దున పసుపు గదా! చక్కెర తలకెక్కి ఇట్ల మాట్లాడతాండాడు. జరుగు."

"రంగు చూసి గదా ఎయ్యమనింది! గంజి గూడా తాగలేదు ఈయప్ప."

మందు ఎక్కువైతే ఇలాగే చెమటలు పడతాయని డాక్టరు ఒకసారి చెప్పగా ఆమె విన్నది. కానీ గుండె మళ్ళీ దెబ్బతిన్నా చెమట పడుతుంది. తన మాట తప్పైతే? అయినా మంచానికి అడ్డంగా నిలబడింది.

జయలక్ష్మమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆ సూది కింద పెట్టప్పా. అక్కా, నువ్వేం జేస్తావో చెయ్యి."

సిద్దమ్మ చక్కెర నీళ్ళు కలిపి, తల ఎత్తిపట్టి చెంచాతో పోసింది. మొదటి చెంచా పెదాల మీదుగా కారిపోయింది. రెండోది గుటక పడింది. గ్లాసు సగమైనా మార్పు లేదు. నారాయణస్వామి నాడి పట్టుకుని నిలుచున్నాడు. పావుగంటకు వణుకు తగ్గింది. తిమ్మరాజు కళ్ళు తెరిచి, "జయా, ఆకలైతాండాది" అన్నాడు.

జయలక్ష్మమ్మ బావురుమంది. సిద్దమ్మ వెనక వరండాలోకి పోయి, గోడకానుకుని చాలాసేపు కూర్చుంది.

సాయంత్రం డాక్టరు వచ్చి అంతా విన్నాడు. నారాయణస్వామే దాచకుండా చెప్పాడు. "ఇకమీదట సిద్దమ్మ రంగు చెప్పనిదే సూది తీయొద్దు" అన్నాడు డాక్టరు.

ఆరు వారాల తరువాత తిమ్మరాజు తన కాళ్ళ మీద నడిచి జీపెక్కాడు. అదే నెలలో తాడిమర్రి నుంచి అలాంటి జబ్బుతోనే ఒక ముసలాయనను తెచ్చారు. రెండు రోజులు సిద్దమ్మ కాచిన ప్రతి గొట్టమూ ఇటుక రంగే. ఆయన బతకలేదు. మర్నాడు ఆమె గొట్టాలన్నీ కడిగి ఎండకు బోర్లించి, కొత్తగా వచ్చిన నర్సుకు రంగులు చూపించడం మొదలుపెట్టింది.