చందాల సభలో పాత తాడు

కంచరపాలెంలో ఆ ఆదివారం మధ్యాహ్నం పెట్టిన చందాల సభకి వెళ్లకూడదనే అనుకున్నాను. రుషికొండ దాటాక సముద్రం వైపు నిలబడ్డ బండరాళ్లని తాళ్లు కట్టుకుని మొదట ఎక్కినవాళ్ల మీద ఒకమ్మాయి సినిమా తీస్తోంది. అలాంటి సినిమాకి డబ్బు పెట్టే నిర్మాత ఎవడు? అందుకే ఊళ్లోవాళ్లే తలో చెయ్యీ వేస్తున్నారు. మొదట ఎక్కింది మేం ఇద్దరం. రెండోవాడు లేడు కనక, మీరు మాట్లాడకపోతే ఎలా అంకుల్ అని ఆ అమ్మాయి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ముసలాళ్లని పొగిడి లొంగదీసుకోవడం ఈ కాలం పిల్లలకి బాగా తెలుసు. లొంగాను.

రెండోవాడిది జాలారిపేట, చేపల వేట. నేను పల్లెలో వ్యవసాయం వదిలి ఫ్యాక్టరీలో కుదిరినవాణ్ణి, దువ్వాడలో అద్దె గది. బావా అంటే బావా అనుకునేవాళ్లం. మాకు నేర్పిన గురువు లేడు, కాళ్లకి సరైన బూట్లు లేవు. వాడు తెచ్చిన పడవ తాడు ఒకటుండేది. ఇరవై ఏడేళ్ల కింద ఒక ఆదివారం వాడు పైనుంచి పడి చనిపోయాడు. కింద చేరిన జనంలో ఎవరో, తాగున్నాడా అని అడిగారు. నేను అవునని తలూపాను. అంతే, తాగి ఎక్కి చచ్చాడన్న మాట పేటంతా పాకింది. వాడు జన్మలో చుక్క ముట్టలేదు.

హాల్లో అడుగు పెట్టగానే ఆ పడవ తాడు కనిపించింది. పాత సామాన్లు ఏవున్నా ఇవ్వండి, ప్రదర్శనకి పెడతాం అని ఆ అమ్మాయి ఇంటికి వస్తే, మా ఆవిడ అటక మీద గోనెసంచిలో ఉన్న తాడు తీసి ఇచ్చేసిందట. నాతో ఒక్క మాట చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అందులో ఉందని ఆవిడకి మాత్రం ఏం తెలుసు? తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, బంతిపూల దండ మధ్య పెట్టారు దాన్ని.

వాడి భార్య ఆ రోజు కానాగంత చేపల పులుసు వండి తెచ్చింది. ప్లేటు ఇంత అని అమ్మి ఆ డబ్బు సినిమాకే ఇస్తోంది. మొగుడి పేరు తెర మీద పడుతుందని ఆమె ఆశ. పులుసు గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చింది. పుట్టినప్పట్నుంచీ వలలు అల్లిన చేతులవి. తాడుని వేళ్ల మధ్య మెల్లగా లాగుతూ పోయి, ఒకచోట ఆగింది. అక్కడ తాడు గట్టిగా, నున్నగా మెరుస్తోంది.

"ఇది ఎండకి పాడైంది కాదన్నా. సెగకి పాడైంది. ఏటి సేసారు దీన్ని?"

అబద్ధం ఆడదామనే ముందు అనిపించింది, అదీ రాస్తున్నాను.

వాడు పడిపోయిన వారం వానకి తాడు తడిసింది. నా గదిలో ఆరేసే చోటు లేదు, ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. తడిసిన యూనిఫాం, తువ్వాళ్లు మేమంతా ఆవిరి పైపు మీదే ఆరేసుకునేవాళ్లం, క్యారేజీలు కూడా అక్కడే వెచ్చబెట్టుకునేవాళ్లం. తాడు కూడా బట్టలాంటిదేగా అనుకున్నాను. షిఫ్టంతా దాని మీదే ఉంచాను. తీసేసరికి నిగనిగలాడుతూ ఉంటే, భలే ఆరిందని మురిసిపోయాను. నైలాన్ వేడికి చచ్చిపోతుందని నాకు తెలీదు. వాడికి తెలిసి ఉండేది, చూసుంటే పట్టుకునేవాడే. నేనే ముడేసి, పద బావా అన్నాను. సగంలో అది తెగిపోయింది. తెగిన కొస చూశాకే నాకు అర్థమైంది, ఆ భయంతోనే తలూపాను.

ఇదంతా ఆమెతో చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"నాకు సెప్తే సాలదు. అందరికీ సెప్పు," అంది.

అప్పుడే మైకులో నన్ను పిలిచారు. చప్పట్లు కొట్టారు. వేదిక మీదకి ఎలా ఎక్కానో తెలీదు. వాడు తాగలేదని, తాడు పాడుచేసింది నేనని, తలూపింది కూడా నేనేనని చెప్పాను. చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లోకి వెళ్లిపోయాయి. ఆ అమ్మాయి కెమెరా పక్కకి తల తీసింది. సినిమాకి ఇప్పుడు చందా ఎవరిస్తారన్న దిగులు ఆమె ముఖంలో కనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

దిగి వచ్చేసరికి వాడి భార్య వెనక కుళాయి దగ్గర గిన్నె తోముతోంది. పక్కన కూలబడ్డాను. గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది.

"దినం పెట్టినప్పుడు పోయినోడికి ఇష్టమైంది పెట్టాలి కదా," అంది. "తాగి పోయాడన్నారని, నాకు తెల్కుండా తాగీవోడనుకుని, ఏటేటా నాను ఆడి పోటో ముందర క్వార్టరు సీసా పెడతన్నానన్నా."