జర్మనీ పళ్లెం పగిలిన రోజు

పురానాపూల్ దగ్గరి ఆ ఇంట్లో పనికి చేరిన రోజు బాలమ్మ మొట్టమొదట చేసింది ఈగను తోలడం. కొత్త కోడలు జాహెదా కడగమని జర్మనీ పింగాణీ పళ్లెం ఒకటి చేతికిచ్చింది. అంచున సన్నటి బంగారు గీత, నడుమ గులాబీల గుత్తి, పక్కన ఒక ఈగ. బాలమ్మ చెయ్యి విసిరింది, ఊదింది, చివరికి గోటితో గీకింది. ఈగ కదిలితేనా. జాహెదా కడుపు పట్టుకుని నవ్వింది.

"అది బొమ్మనే బాలమ్మా. కాల్చినప్పుడు ఆడ చిన్న మచ్చ పడ్డదంట. పారెయ్యబుద్ధిగాక మచ్చ మీద ఈగను గీసిండ్రు."

అంత గొప్ప పళ్లెంలోనూ మచ్చ ఉంటుందనీ, దాన్ని కప్పడానికి ఎవడో కూర్చుని ఈగ రెక్కల్లో నరాలు కూడా గీశాడనీ తెలిసి బాలమ్మ నోరు తెరిచింది. ఇక ఇద్దరికీ అదొక పిచ్చి పట్టుకుంది. శుక్రవారం నమాజు అయ్యాక చాప మీద పళ్లాలన్నీ పరుచుకుని కూర్చునేవారు. ఏ రెండు గులాబీలూ ఒకలా ఉండవు. ఒక రేకు మడతలో వంకాయరంగు నీడ, ఎండిన ఆకు కొసన కాస్త పసుపు.

"ఈ పువ్వు గీసినోనికి ఆ దినం మస్తు కోపమున్నట్టుంది" అనేది బాలమ్మ.

"కోపం గాదు, ఆకలి" అనేది జాహెదా.

ఏళ్లు గడిచి ఇద్దరికీ తలలు నెరిశాయి, ఇద్దరికీ మొగుళ్లు పోయారు. జాహెదాకే కోడలొచ్చినా బాలమ్మ నోట ఆమె ఇంకా దుల్హన్‌పాషాయే, కొత్త పెళ్లికూతురే. పళ్లాలు పగిలినవి పగలగా, అమ్మినవి అమ్మగా ఈగ పళ్లెం ఒక్కటే మిగిలింది.

ఆ ఇంట్లో అత్తల కాలం నాటి నమ్మకం ఒకటుంది. విషం కలిసిన తిండి పెడితే పింగాణీ పగులుతుందట. జాహెదా నవ్వుతూనే చెప్పేది గానీ లోపల నమ్మేది. బాలమ్మా నమ్మేది. వచ్చిన చిక్కంతా అదే.

చలికాలంలో పళ్లేన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి గానీ వేడిది వడ్డించకూడదు. బాలమ్మ అది ఏనాడూ మరవలేదు. ఈ చలికాలం జాహెదాకు జ్వరం, వాంతులు. ఏం తిన్నా ఇమడడం లేదు. ఒక పొద్దున తనంతట తనే కిచిడీ అడిగింది, అదీ ఈగ పళ్లెంలో కావాలంది. సంతోషంతో బాలమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. అల్మారాలోంచి తీసిన పళ్లెంలో పొగలు కక్కే కిచిడీ అలాగే వేసి, పరుగున తెచ్చి మంచం మీద పెట్టింది. టప్పుమంది. అంచు నుంచి గులాబీల మీదుగా సన్నటి చీలిక పారింది.

జాహెదా చెయ్యి ఆగిపోయింది. పళ్లెం వంక చూసింది, బాలమ్మ వంక చూసింది.

"చల్లటి పళ్లెం గదా అమ్మీ, వేడికి పలిగింది" అంది కోడలు ఫరీహా.

జాహెదా వినిపించుకోలేదు. "నిన్న గూడ నీ చేతి జావనే తాగిన" అంది మెల్లగా.

గోరువెచ్చని నీళ్లతో కడుగుడు మరిచిన, తప్పు నాదే అంటే సరిపోయేది. కానీ ఆ ముఖం చూశాక బాలమ్మకు, ఇన్నేళ్లు వండిపెట్టిన చేతికి సంజాయిషీ కావాలా అని కడుపు మండిపోయింది. పళ్లెం అందుకుని కింద కూర్చుని తినసాగింది. నోరు కాలింది. జాహెదా వద్దంటుందని, పళ్లెం లాక్కుంటుందని ముద్దముద్దకూ ఎదురుచూసింది. జాహెదా కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోయింది. పళ్లెం ఖాళీ అయింది.

మర్నాడు బాలమ్మ వచ్చేసరికి జాహెదా గోడ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. బాలమ్మను చూడగానే ఆమె ముఖం విచ్చుకుంది. జ్వరంలోనూ నా కోసమే లేచిందని బాలమ్మ మనసు కరిగింది.

"రాత్రి కడుపుల ఏం గాలే గదా?" అడిగింది జాహెదా.

"ఏం గాలే, దుల్హన్‌పాషా."

"వాంతులు?"

"లెవ్వు."

"అల్లా మేలు. నువ్వసుంటిదానివి గాదని నాకెర్కనే. దా, చాయ్ పెట్టు, తాగుత."

బాలమ్మ గడప దాటలేదు. "ముందుగాల నేను తాగి చూపెట్టాల్నా?" అని అడిగింది.

జాహెదా చూపు బాలమ్మ చేతుల మీదికి పోయింది. అది చూసి బాలమ్మ వెనక్కి తిరిగి, కార్వాన్‌లోని తన ఇంటి దారి పట్టింది.