ముల్లు పైకి పోతేనే ముద్ద

మా అమ్మాయికి పుట్టుకతో వచ్చిన జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టుకుని కదలదు. దాంట్లో చీము పడుతుంది, ఊపిరి కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. ఆ రోజుల్లో బెంగళూరులో ఆ పేరు విన్న డాక్టర్లే తక్కువ. మాకు దొరికిన డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ గొట్టం చేతికిచ్చి, రోజూ పొద్దున పిల్లతో ఊదించమంది. గట్టిగా ఊదితే దాని మీదున్న ముల్లు పైకి జరుగుతుంది. ముల్లు దిగుతూ వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, ఆలస్యమైతే పోయిన ఊపిరి మళ్ళీ రాదు అని మరీ మరీ చెప్పింది.

అప్పుడు మేం బొమ్మనహళ్ళిలో ఉండేవాళ్ళం. మా ఆయన గార్మెంట్స్‌లో కటింగ్ మాస్టరు. మనిషి మంచివాడే. కానీ ఆ గొట్టం ఇంటికొచ్చాక ఆయనకొక పిచ్చి పట్టుకుంది. పిల్ల ఊదేదాకా కంచం ముట్టడు. ముల్లు బాగా పైకి పోతే కడుపునిండా సంగటి తిని, పిల్ల బుగ్గ గిల్లి డ్యూటీకి పోతాడు. దిగిందా, కంచం పక్కకు నెట్టి లేచిపోతాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"నువ్వు పస్తుంటే దాని కఫం కరుగుతాదా? కూచొని తినప్పా!" అని అరిచేదాన్ని.

"గొంతు దిగల్ల కదా, ఏం జేసేది?" అనేవాడు. పిల్ల గొట్టం పట్టుకుని అక్కడే నిలబడి ఉండేది.

ఆ ఏడు వానలయ్యాక ముల్లు దిగడం మానేసింది. రోజూ పైనే. ఆయన ఒళ్ళు కూడా చేశాడు. పిల్ల మాత్రం చిక్కిపోయింది. మెట్లెక్కితే పెదాలు నల్లబడేవి, కఫం రంగు మారింది. ఆసుపత్రికి పోదామంటే, "ముల్లు బాగుండాది కదా, నోటితో అశుభం పలకొద్దు" అని నన్నే కసిరాడు. ముల్లు ముందు తల్లి కళ్ళు ఏపాటి! చివరికి జ్వరమొచ్చి, ఊపిరాడక రొప్పుతుంటే ఆటోలో వేసుకుని పోయాం.

కాస్త తేరుకున్నాక, "ఇంట్లో ఎట్ల ఊదుతావో చూపించు" అంది డాక్టరమ్మ. మా అమ్మాయి బుగ్గల్లో గాలి బిగబట్టి, నాలుకతో ఉమ్మినట్టు ఫట్‌మని కొట్టింది. ముల్లు ఎగిరి పైకి పోయింది.

"ఇది ఊపిరి కాదమ్మా, ఉత్త నోటిగాలి" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. కుడి ఊపిరితిత్తి కింది భాగం ఇక పనిచేయదనీ, ముందే తెచ్చుంటే చాలావరకు దక్కేదనీ చెప్పింది.

"ఏం పాపం చేసినానే నీకు? ఎందుకు చేసినావు ఇట్ల?" అని గుండెలు బాదుకున్నాను.

"తక్కువొస్తే నాన్న తినడు కదమ్మా" అంది, అంతే. ఆయన మంచం కాళ్ళ దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన మీద ఆ రోజు పుట్టిన కోపం నాకిప్పటికీ చావలేదు. ఆయన్ని చూస్తే జాలీ ఆగలేదు.

డాక్టరమ్మ గొట్టం మళ్ళీ దాని చేతికిచ్చి, ఈసారి రొమ్ము నిండా గాలి పీల్చి ఊదమంది. అది నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. తండ్రి మొహం కేసి చూసింది.

"అమ్మా, నాన్నను బయటికి పొమ్మను. అప్పుడు ఊదుతా."

నేను నోరు తెరవకముందే ఆయన వెనక్కి తిరిగి వరండాలోకి నడిచాడు. తలుపు మూసుకున్నాక అది ఊదింది. ముల్లు సగం దాకా కూడా రాలేదు.